డీజిలుండగా ఆగిన జీపు

“ఏటే అనూ, డబ్బా తలకిందులు చేసినా నూని రాదేటి? ఇక్కడ అట్టు మాడిపోతంది!”

వంటింట్లోంచి అత్తగారు చిన్నమ్మి కేక. ఉదయం ఏడున్నర. ఎస్సై అనురాధ యూనిఫాం గుండీలు పెట్టుకుంటూనే వచ్చి డబ్బా అందుకుంది. ఐదు లీటర్ల రేకు డబ్బా. వంపితే సన్నటి ధార ఒకటి పడి, గుటుక్కుమని ఆగి, ఆ తర్వాత చుక్కలు. నిన్న ఆ డబ్బా తెరిచింది ఆమే. ఎదురెదురు మూలల్లో రెండు చిల్లులు పెట్టింది. ఇప్పుడు ఒకటే ఉంది. రెండోదాని మీద ఉసిరికాయంత బూడిదరంగు ముద్ద ఎండిపోయి ఉంది. దాని మీద గోనె గుడ్డ నేత అచ్చు గళ్ళుగళ్ళుగా పడింది.

“ఎవరు చేశారిది?”

“నేనే వదినా.” మరిది ధర్మతేజ కంచంలోంచి తలెత్తాడు. “చీమలు పడుతున్నాయని ఎంసీలు పెట్టాను, పైపుల కన్నాలు మూసే ముద్ద. చేతికి అంటకుండా గోనె ముక్కతో నొక్కితే గట్టిగా పడుతుంది.”

“చీమలు పడుతుంటే పైన గిన్నె బోర్లించవచ్చుగా! ఇంట్లో గిన్నెలు లేవా? కనిపించిన ప్రతి కన్నమూ మూసేయడమేనా?”

మూడు రాత్రులుగా నిద్రలేదు. ఎనిమిది రోజులుగా వాన వదలడం లేదు. నూనె డబ్బా మీద ఇంత కోపం తనకే అసహ్యంగా ఉంది.

“మంచికే కదా సేసేడు గుంటడు. ఎందుకే అలగ అరుస్తావు?” అంది చిన్నమ్మి.

“ముందు అరిచింది మీరే కదా అత్తయ్యా!”

“నాను నూని మీద అరిసేను. గుంటడి మీద కాదు.”

చిన్నమ్మి కిటికీలో ఉన్న మేకు తీసి, ముద్ద పక్కనే ఆనించి పొత్రంతో ఒక్క దెబ్బ వేసింది. డబ్బా వంపగానే నూనె ధారకట్టి పెనం దాటి స్టవ్వు మీద పడింది. అనురాధ మసిగుడ్డ వెతుకుతూ వెనక్కి తిరిగేసరికి ధర్మతేజ అట్టుముక్క చేత్తో పట్టుకుని ఆ ధారనే చూస్తున్నాడు. ఆ ముక్క కంచంలో పెట్టేసి లేచాడు.

“షెడ్డుకి వెళ్ళాలి.”

కంచంలో సగం అట్టు మిగిలింది. ఇరవై ఏడేళ్ళ మనిషి, కంచంలో మెతుకు వదలడం ఆమె ఎప్పుడూ చూడలేదు. తన మాటకి నొచ్చుకున్నాడనుకుంది. బూట్లు తొడుక్కుంటున్నప్పుడు కూడా ఆమె మనసులో అదే ఉంది.

ధర్మతేజ, గూడేలకి బళ్ళు నడిపే కొండవెలుగు ట్రస్టు జీపుల షెడ్డులో స్టోర్సు చూస్తాడు. ఆమె చేతిలో ఉన్న కేసు కూడా ఆ షెడ్డు జీపుదే. గురువారం పైగూడెంలో కాఫీ తోట గొప్పు తవ్వుతూ భీముడనే రైతు పాము కాటుకు గురయ్యాడు. ట్రస్టు జీపులో ఆసుపత్రికి తెస్తుంటే దారిలో జీపు రెండుసార్లు ఆగింది. ఆసుపత్రి చేరేలోగా మనిషి పోయాడు. డీజిలు అమ్ముకుని ట్యాంకులో నీళ్ళు కలిపాడని డ్రైవరు గాసి మీద ట్రస్టు ఫిర్యాదు. ఈరోజు సాయంత్రం నాలుగింటికి గాసిని రిమాండుకి పంపాలి. మరిది అక్కడే పనిచేస్తాడని అనురాధ మొదటిరోజే పైఅధికారికి చెప్పింది. ‘స్టోరు మనిషేగా, మెకానిక్ కాదు కదా, కానివ్వండి’ అన్నాడాయన.

*

స్టేషన్లో గాసి బల్లకి ఎదురుగా నేల మీద కూర్చోబోయాడు.

“కుర్చీలో కూర్చో గాసీ. గురువారం నుంచి మూడుసార్లు చెప్పావు. ఇంకోసారి చెప్పు. గంటలు నిమిషాలతో.”

“ఎన్నిసార్లు సెప్పినా అదే మేడమ్. తొమ్మిదీ నలభైకి పైగూడెంలో బండి తీసేను. పది దాటి రెండు నిమిషాలకి మొదటిసారి ఆగింది. దగ్గింది, పొగ మానేసింది, ఆగిపోయింది.”

“గడియారం చూశావా?”

“పాము కరిసిన మనిషి ఎనకాల ఉంటే గడియారం తప్ప ఇంకేటి సూస్తాం మేడమ్?”

అనురాధ రాసుకుంది. ఇరవై రెండు నిమిషాలు.

“ఆగాక ఏం చేశావు? ఒక్కొక్కటీ వరసగా చెప్పు.”

“ఫిల్టరు కింద నట్టు విప్పి నీళ్ళు వంపేను. సేతి పంపు కొట్టేను. డీజిలు పైకి రాదు, పంపు బిగుసుకుపోయింది. రబ్బరు పైపు ఊడదీసి నోటితో ఊదేను. మళ్ళీ పంపు కొట్టేను. రాదు. ఇంకేటీ తోచక ట్యాంకు మూత తీసి కర్ర పెట్టి సూసేను. నిండుగా ఉంది. మూత పెట్టి మళ్ళీ పంపు కొట్టేను. అప్పుడొచ్చింది.”

“కర్ర ఎందుకు? మీటరు లేదా?”

“ఆ ముల్లు పనిసేసి రెండేళ్ళయింది. మా జీపులన్నిటికీ ఎదురుబొంగు కర్రే మీటరు.”

“మరి కర్ర ముందే పెట్టి చూడొచ్చుగా?”

“ఆ పొద్దున్నే నిండా పోసేను మేడమ్. డీజిలుందని తెలుసు కదా. మూత నా సీటు కింద ఉంటాది. సీటెత్తాలి.”

ఇరవై అయిదు నిమిషాలు పోయాయి. పదీ ఇరవై ఏడుకి బండి కదిలింది. పదీ యాభై అయిదుకి మళ్ళీ ఆగింది. ఈసారి ఇరవై ఎనిమిది నిమిషాలు నడిచింది.

“రెండోసారి చివరగా చేసిన పని ఏమిటి?”

గాసి కళ్ళు మూసుకున్నాడు. “పంపు కొట్టి కొట్టి సెయ్యి బొబ్బలెక్కింది. బావ ఏడుపు ఆగిపోయింది. డీజిలు కారిపోయిందేమోనని… కర్ర పెట్టేను. తరవాత పంపు కొడితే వచ్చింది. పదకొండూ పాతిక.” భీముడు అతనికి వరసకి బావ. ఆ సంగతి ఫిర్యాదులో ఎవరూ రాయలేదు.

“అంతకుముందు ఎప్పుడైనా ఇలా ఆగిందా?”

“బుధవారం ఒక్కసారి. ట్యాంకు సగమే ఉంది. సంతకెళ్ళి వస్తంటే గంట దాటాక ఆగింది. అప్పుడు డీజిలు తక్కువేమోనని ముందే మూత తీసేను. రెండు నిమిషాల్లో బండి లేసింది.”

అనురాధ కలం ఆగింది. సగం ట్యాంకుతో గంట దాటి నడిచిన బండి, నిండు ట్యాంకుతో ఇరవై రెండు నిమిషాల్లో ఆగింది. నీళ్ళ వల్లే అయితే ఇది తిరగబడి ఉండాలి. రెండుసార్లూ మూత తీసేదాకా ఏ పనీ ఫలించలేదు.

*

వరండాలో ముత్యాలమ్మ కూర్చుని ఉంది. భీముడి భార్య. పోస్టుమార్టం కాగితం కోసం మూడు రోజులుగా వస్తోంది. అనురాధ టీ గ్లాసు అందించి పక్కనే బెంచీ మీద కూర్చుంది.

“బండి ఆగినప్పుడు నువ్వు వెనకే ఉన్నావు. ఏమైనా విన్నావా అమ్మా?”

ముత్యాలమ్మ గ్లాసు పట్టుకుందిగానీ తాగలేదు. “సెప్తే నవ్వుతారు.”

“ఈ స్టేషన్లో నవ్వి చాలా రోజులైంది. చెప్పు.”

“గాసి సీటెత్తి కింద ఏటో తీసేడు. బుస్సుమంది. పాము మా ఎనకాలే బండిలో వచ్చీసిందనుకున్నాను. కాళ్ళు పైకి పెట్టుకున్నాను. తరవాత దబ్బుమని సప్పుడు. రెండోసారి ఆగినప్పుడు కూడా అంతే. బుస్, దబ్.” ఆమె గొంతు తగ్గించింది. “కరిసిన పాము పేరెత్తితే అది మళ్ళీ వస్తాదని మా గూడెంలో అంటారు. అందుకే ఎవరికీ సెప్పలేదు.”

“పాము కాదమ్మా.” అనురాధ లేచింది. మోకాలు కలుక్కుమంది. “గాలి.”

*

జీపు స్టేషను ఆవరణలో తడుస్తోంది. దాని పక్కన గొడుగు వేసుకుని ట్రస్టు రవాణా మేనేజరు వరహాలరావు నిలబడ్డాడు. చేతిలో సీసా. పైన డీజిలు, అడుగున రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు.

“ఇదిగోండి మేడమ్ సాక్ష్యం. ఇరవయ్యేళ్ళు లారీలు బాగుసేసిన సెయ్యిది. డీజిలు దొంగని వాసన బట్టి పట్టేస్తాను.”

“ఈ నీళ్ళు ఎక్కడివి?”

“ఫిల్టరు గిన్నెలోవి.”

“ఎనిమిది రోజులుగా వాన. మీ మిగతా రెండు జీపుల ఫిల్టర్లు విప్పితే ఎన్ని నీళ్ళొస్తాయో చూశారా?”

“ఆటి మీద కేసు లేదు కదా.”

“మీరు కర్ర పెట్టినప్పుడు ట్యాంకులో ఎంత ఉంది?”

“ముప్పై ఏడు లీటర్లు.”

“నలభై అయిదు లీటర్ల ట్యాంకు. దొంగ డీజిలు అమ్ముకుంటే ముప్పై ఏడెందుకు మిగులుతుంది?”

“నీళ్ళు పోసి నింపేడు.”

“అన్ని నీళ్ళుంటే ఇంజను ఒక్క నిమిషం నడవదు. ఫిర్యాదులో మీరే రాశారు, ‘నేను స్వయంగా రెండు గంటలు నడిపి పరీక్షించాను, ఏ లోపమూ లేదు’ అని.”

వరహాలరావు నవ్వాడు. “అదే కదా నేను సెప్పేది! దొంగ సేతిలో ఆగుతాది, మా సేతిలో నడుస్తాది. మీరు స్టేషను సూసుకోండి మేడమ్, ఇంజను నాకొదిలేయండి. మీ మరిది కూడా మా షెడ్డులోనే ఉన్నాడు. ఆణ్ణడగండి నా పని ఎలాటిదో.”

“అడుగుతాను. ఆ రెండు గంటలూ ట్యాంకు మూత ఎక్కడుంది?”

“ఏ మూత?”

“డీజిలు మూత వరహాలరావుగారూ. పెట్టి నడిపారా, తీసి నడిపారా?”

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. “మాటిమాటికీ కర్ర పెట్టి కొలవాలి కదా. తీసి బానెట్టు మీద పెట్టేను.”

అనురాధ డ్రైవరు సీటు ఎత్తించింది. టార్చి వేసి వంగింది. ట్యాంకుకి రెండు పక్కలా రేకు లోపలికి ముడతపడి మళ్ళీ సాగిన గుర్తులున్నాయి.

“రాళ్ళు తగిలుంటాయి,” అన్నాడు వరహాలరావు పైనుంచి.

“రాయి కింద తగులుతుంది. ఇవి పక్కల. ఒక్క గీత లేదు, పైనున్న బురద కూడా చెదరలేదు. బయటి నుంచి కొట్టింది కాదిది. లోపలి నుంచి లాగింది.”

కానిస్టేబులు చేత ట్యాంకు అంచుదాకా నింపించి, మూత బిగించి, ఇంజను స్టార్టు చేయించింది. యాక్సిలరేటరు సగానికి తొక్కి ఉంచమంది. పదకొండూ పది. బల్ల బయట వేయించుకుని కూర్చుంది. వరహాలరావు ఐదు నిమిషాలకోసారి గడియారం చూసి దగ్గుతున్నాడు. పావుగంట దాటింది. ఇరవై నిమిషాలకి ఆయన గొడుగు మడిచాడు. “మేడమ్, మీకు కాఫీ ఏటైనా సెప్పమంటారా? ఇది సాయంత్రందాకా ఇలాగే…”

ఇంజను దగ్గింది. ఫిల్టరుకి వెళ్ళే పారదర్శకపు పైపులో బుడగలు వరసకట్టాయి. పదకొండూ ముప్పై నాలుగుకి బండి ఆగిపోయింది.

“పంపు కొట్టండి,” అంది అనురాధ. “ఇరవయ్యేళ్ళ చెయ్యి కదా.”

వరహాలరావు చొక్కా చేతులు మడిచి ముప్పైసార్లు కొట్టాడు. పంపు బిగుసుకుంది. ఆయన ముఖంలో మొదటిసారి నిజమైన పనివాడి అయోమయం కనబడింది. అనురాధ వరండా వైపు చేయి ఊపి ముత్యాలమ్మని పిలిచింది. ఆమె వచ్చి నిలబడ్డాక మూత తిప్పింది.

బుస్స్‌మంది. ఆ వెంటనే రేకు దబ్బున సర్దుకుంది.

ముత్యాలమ్మ అనురాధ భుజం గట్టిగా పట్టుకుంది. “ఇదే. ఇదేనమ్మా.”

“డీజిలు బయటికి పోతుంటే, ఆ చోటులోకి గాలి రావాలి,” అంది అనురాధ. “రాకపోతే ట్యాంకు తన డీజిలుని తనే వెనక్కి లాక్కుంటుంది. ట్యాంకు నిండుగా ఉంటే పైన గాలి తక్కువ, కాబట్టి ఇంకా తొందరగా బిగుస్తుంది. మూత తీయగానే గాలి లోపలికి పోతుంది, బండి బాగైపోతుంది. పరీక్ష చేసిన ప్రతివాడూ ముందు మూతే తీశాడు. జబ్బు చూడ్డానికి చెయ్యి పెట్టగానే జబ్బు పోయింది.”

వరహాలరావు మళ్ళీ ఇంజను మీదికి వంగాడు. పంపు మళ్ళీ కొట్టాడు. నాలుగో దెబ్బకి డీజిలు ఎగజిమ్మింది. చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నాడు: “మూతకి గాలి కన్నం ఉంటాది మేడమ్. కంపెనీవోళ్ళు పెట్టిందే.”

ఆమె చేతిలోని మూత వెనక్కి తిప్పింది. కన్నం ఉండాల్సిన చోట బూడిదరంగు ముద్ద. ముద్ద మీద గళ్ళుగళ్ళుగా గోనె గుడ్డ నేత.

“ఎవరు మూసేరిది?” వరహాలరావు వంగి చూశాడు. “మీకేటైనా తెలుసేటి మేడమ్?”

వాన చుక్క ఒకటి ఆ గళ్ళలో పడి నిలిచింది. అనురాధ మూతని రుమాల్లో చుట్టింది.

“రెండు దాటాక చెప్తాను,” అంది. 

*

రెండింటికి ఇంట్లో నలుగురూ భోజనానికి కూర్చున్నారు. చిన్నమ్మి వెదురు కొమ్ముల కూర వడ్డిస్తోంది. అనురాధ భర్త లక్ష్మీప్రసాద్ హైస్కూల్లో సగం పూట సెలవు పెట్టి వచ్చాడు, ఎందుకో చెప్పకుండా ఆమే రమ్మంది. ధర్మతేజ అన్నం కలుపుతున్నాడేగానీ తినడం లేదు. అతని గోళ్ళ సందుల్లో బూడిదరంగు పొడి ఉంది.

అనురాధ వంటింట్లోంచి నూనె డబ్బా తెచ్చి మధ్యలో పెట్టింది. దాని పక్కన రుమాలు విప్పింది. రెండు ముద్దలూ పక్కపక్కన. ఒకే నేత, ఒకే నొక్కుడు.

 చిన్నమ్మి గరిటె గాల్లోనే ఉండిపోయింది.

“వాన నీళ్ళు ట్యాంకులోకి దిగుతున్నాయని గాసే చెప్పేడు వదినా,” అన్నాడు ధర్మతేజ. “మూత చూస్తే చిన్న కన్నం ఉంది. చిల్లు పడిందనుకున్నాను. మంగళవారం మూసేను.”

“అది ఉండాల్సిన కన్నమని ఎప్పుడు తెలిసింది?”

“పొద్దున్న. అమ్మ మేకు కొట్టినప్పుడు.”

లక్ష్మీప్రసాద్ తమ్ముడి వైపు చూసి, భార్య వైపు తిరిగాడు. “తెలియక చేశాడు కదా అనూ. గాసి తప్పు లేదని రాసెయ్. మూత పాడైందను. వీడి పేరు ఎందుకు?”

“తెలియక చేసింది పొద్దున్న ఏడున్నర దాకా. ఆ తర్వాత ఆరున్నర గంటలు తెలిసే ఊరుకున్నాడు. ఆ ఆరున్నర గంటలూ గాసి లాకప్పులో ఉన్నాడు.” ఆమె అరవలేదు. అరవడానికి ఓపిక లేదు. “అందరూ ఉండగా చెబుతున్నాను. గాసి రిమాండు ఆపేశాను. రిపోర్టులో ధర్మ పేరు రాస్తాను. రాశాక ఈ కేసు వేరేవాళ్ళకి అప్పగించమని పైకి పంపిస్తాను. నా ఇంటి మనిషిని నేను విచారించకూడదు.”

“అనూ!” చిన్నమ్మి కేకేసింది. “గుంటడి ఉద్యోగం పోతాది. జైలుకెళ్తాడేటే?”

“ముత్యాలమ్మ మొగుడు పోయాడు అత్తయ్యా.”

చిన్నమ్మి గరిటె గిన్నెలో పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“వదినా.” ధర్మతేజ తలెత్తలేదు. “ఎన్ని మూతలు మూసేనో నువ్వడగలేదు.”

అనురాధ చేయి కంచం మీదే ఆగింది.

“నీళ్ళ వల్లే గాసి బండి ఆగిందని వరహాలరావుగారు షెడ్డంతా అరిచేరు. అందుకని నిన్న సాయంత్రం మిగిలిన రెండు జీపులకీ మూసేను. పొద్దున్న ఇక్కణ్ణుంచి పరిగెత్తి ఒకదానిది గీకి తీసేసేను. రెండోది ఏడింటికే అనంతగిరి అవతల గూడేనికి ఎళ్ళిపోయింది. కంటి ఆపరేషన్లకి నలుగురు ముసలోళ్ళని తేవాలి. ఎంట తీసుకెళ్ళిన డబ్బా డీజిలు ట్యాంకు నిండా పోసుకుని మూడింటికి దిగుతాది. ఫోను తగలదు. ఉదయం నుంచి ముప్పైసార్లు చేసేను.”

ఎక్కేటప్పుడు ఇంజను ఆగితే చక్రం కింద రాయి పెట్టుకోవచ్చు. దిగేటప్పుడు మలుపులో ఆగితే బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుంటుంది. నిండు ట్యాంకు. ఇరవై నిమిషాలు. ఆ దారిలో ఇరవై నిమిషాలకి ఎక్కడుంటారో అనురాధకి తెలుసు. అక్కడ లోయవైపు పక్కగోడ గత వానాకాలంలోనే పడిపోయింది.

రెండూ పన్నెండు. ఆమె కంచంలోనే చేయి కడిగింది.

“లే ధర్మా. స్టేషను జీపులో వెళ్తున్నాం. ఆ దారిలో అంత వేగంగా పోగలవాడు ఒక్కడే ఉన్నాడు, వాణ్ణి లాకప్పులోంచి తీసుకోవాలి. గాసి నడుపుతాడు. పక్క సీట్లో నువ్వు కూర్చుంటావు.” తలుపు దగ్గర ఆగి వెనక్కి చూసింది. “అతనికి దారిలో నువ్వే చెప్పాలి. నేను చెప్పను.”

ధర్మతేజ లేచాడు. చిన్నమ్మి వంటింట్లోకి వెళ్ళి, కిటికీలోని మేకు తెచ్చి కొడుకు అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

“బేగి ఎల్లండి,” అంది.